ఆటో ఎక్కిన నడివీధి

బుల్లమ్మ ముఠా ఊడ్చిన, అంటే వరి నాట్లు వేసిన, మడిని గట్టు మీంచే గుర్తుపట్టేయొచ్చు. ఎడం చేతివైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే నాలుగో మనిషి నాటిన మొక్కలకూ ఐదో మనిషి నాటిన మొక్కలకూ మధ్య ఒక ఒంటి వరస కనిపిస్తుంది. మడంతా ఒక్కలాగే పచ్చగా ఉన్నా ఆ వరస మాత్రం నూనె రాసి దువ్విన తలలో పాపిడిలాగా విడిగా ఉంటుంది. రాజాం నుంచి చీపురుపల్లి దాకా రైతులకు ఆ పాపిడి తెలుసు. "నడివీధోల్లు ఊడ్సినారు," అనుకుంటారు.

బుల్లమ్మ కాపురానికి వచ్చిన ఊరు పైడయ్యవలస. ఎప్పుడో పైడయ్య అనే ఆయన నాలుగు బళ్ళ మీద నాలుగు కుటుంబాలను ఎక్కించుకుని, నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ వచ్చి గెడ్డ, అంటే చిన్న ఏరు, పక్కన దిగాడట. అందుకని అది పైడయ్యవలస. ఊళ్ళో మూడు వీధులు. గెడ్డ ఒడ్డున ఉన్నది దిగువ వీధి, మెరక మీద ఉన్నది ఎగువ వీధి, ఆ రెంటికీ మధ్యన ఉన్నది నడివీధి. పేర్లు పెట్టడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

నడివీధిలో పదకొండు ఇళ్ళు. బుల్లమ్మ కొత్తకోడలిగా వచ్చేసరికి ఆమె అత్త ఊడుపు ముఠాకు పెద్ద. వానలు పడి మళ్ళు దున్ని బురద చేసే దమ్ములు మొదలయ్యాయంటే, చీకటి ఇంకా విడిపోకముందే అత్త వీధి తూర్పు కొసన మొదటి గుమ్మం ముందు నిలబడి పిలుపు అందుకునేది. పిలిచిన మనిషి పిలిచినట్టు వరసలో చేరేది; పడమటి కొసన ఆఖరి ఇల్లు తమదే కాబట్టి అత్త అందరికీ వెనక. పొలం గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. మడిలోకి దిగేటప్పుడూ అదే వరస. అలా వీధిలో ఇళ్ళు ఎలా ఉన్నాయో మడిలో మనుషులూ అలాగే నిలబడేవారు. ఎవరి ముందున్న మేర వాళ్ళది. దాన్ని మునుం అంటారు. మునుం పట్టాక వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుకుపోవడమే.

నాలుగో ఇంటికీ ఐదో ఇంటికీ మధ్య గెడ్డకు దిగే సందు ఒకటి ఉండేది. మడిలో కూడా నాలుగో మనిషికీ ఐదో మనిషికీ మధ్య కాస్త ఎడం పడేది. ఎవరూ కావాలని వదిలింది కాదు. రోజూ పొద్దున్న సందు దాటి వచ్చిన మనిషి మడిలోనూ ఒక అడుగు దూరంగా నిలబడేది, అంతే. ఆ ఎడంలో ఆఖరికి ముఠా పెద్ద ఒక్కత్తే మొక్క వేసుకుంటూ వచ్చేది. పాపిడి అలా పుట్టింది.

అత్త పోయాక ముఠా బుల్లమ్మ చేతికి వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. ఇప్పుడు యాభై తొమ్మిది. పొట్టి మనిషి, గట్టి గొంతు. నడుం వంచిందంటే మధ్యాహ్నం గంజి వచ్చేదాకా ఎత్తదు. ముఠాలో ఎవరైనా పోతే ఆ మునుంలో వాళ్ళ కోడలు నిలబడింది, కోడలు పురిటికి వెళితే ఆడపడుచు నిలబడింది. ఇల్లు అదే కాబట్టి చోటూ అదే.

ఈ ఇరవై ఏడేళ్ళలో బుల్లమ్మ తిరగని ఊరు లేదు. ఆమె దారుల్లో కొత్తవలసలే ఐదున్నాయి. లక్ష్మీపురాలు నాలుగు. రామచంద్రపురాల లెక్క ఆమె ఎప్పుడో వదిలేసింది. "రేపు కొత్తవలస వచ్చీయండి" అని ఎవరైనా రైతు ఫోన్ చేస్తే "ఏ కొత్తవలస?" అని ఆమె అడగదు. ఎవరి కొత్తవలస వాళ్ళకు ఒకటే కదా, ఆ ప్రశ్నకు వాళ్ళు బిత్తరపోతారు. "మీ ఊరొచ్చీ దారిలో ఎడంసేతికి ఏటి కనిపిస్తాది?" అని అడుగుతుంది. ఒకాయన ఇటికల బట్టీ అంటాడు, ఒకాయన రైలు గేటు అంటాడు. ముఠా వాడుకలో అవి బట్టీ కొత్తవలస, గేటు కొత్తవలస. ఇంకొకటి కుక్కల కొత్తవలస. ఆ పేరు మాత్రం ఆ ఊరివాళ్ళ ముందు అనరు.

మూడేళ్ళ కిందట గెడ్డ మీద రిజర్వాయరు వచ్చింది. పైడయ్యవలసా, పక్కనున్న ఎర్రన్నపేటా నీళ్ళ కిందికి పోయాయి. రాజాం రోడ్డు పక్కన మెట్టలో తొమ్మిది లైన్లుగా కాలనీ కట్టి రెండు ఊళ్ళవాళ్ళనూ అక్కడికి పంపారు. ఏ ఇల్లు ఎవరిదో లాటరీలో తేల్చారు. నడివీధి పదకొండు ఇళ్ళూ ఆరు లైన్లకు చెదిరిపోయాయి. బుల్లమ్మకు తొమ్మిదో లైనులో ఆఖరి ఇల్లు వచ్చింది. దాని అవతల జీడితోట.

విచిత్రం ఏమిటంటే వీధుల పేర్లు మాత్రం చెదరలేదు. అవి మనుషులను పట్టుకుని వచ్చేశాయి. ఎగువ వీధి అప్పలసూరి ఇప్పుడు కాలనీలో అందరికంటే పల్లంలో ఉంటాడు. వానొస్తే ఆయన వాకిట్లోనే నీళ్ళు నిలుస్తాయి. అయినా ఆయన ఎగువ వీధి అప్పలసూరే. ఎర్రన్నపేట పడమటి వీధివాళ్ళ గుమ్మాల్లోనే రోజూ మొదటి ఎండ పడుతుంది.

ముఠాను పొలాలకు తీసుకెళ్ళే ఆటో గిరిబాబుది. అతను బుల్లమ్మ తమ్ముడి కొడుకు, రాత్రిళ్ళు ఆటో ఆమె గుమ్మం ముందే పెడతాడు. అతనికి ఒక్కటే బాధ.

"అత్తా, నీ పక్కింట్లో ఉన్న ధనలచ్మిని వదిలీసి ముందు మొదటి లైనుకి పోనిమ్మంటావు. అక్కణ్ణించి ఏడో లైను. మల్లీ ఎనక్కి రెండో లైను. ఆఖర్న ధనలచ్మి కోసం మల్లీ ఇక్కడికే. లైను ప్రకారం ఎక్కించుకుంటే ఈ తిరగలి తిరుగుడు తప్పుతాది కదా!"

"లైను నీకు. వరస మాది. పోనీ."

"మడికెల్లాక నిలబడండే ఆ వరసలో!"

"ఎక్కినప్పుడు తప్పిపోతే దిగినప్పుడు దొరుకుతాదేటి? పోనీ అంతన్నాను కదా!"

గిరిబాబు పోనిచ్చేవాడు. మొదటి లైనులో తాయారు, ఏడో లైనులో ఇంకొకరు, అలా పాత నడివీధి తూర్పు కొస నుంచి పడమటి కొస దాకా ఆటోలో ఒక్కొక్క ఇల్లే ఎక్కేది.

ఈ ఏడు ఊడుపులు మొదలైన రెండో వారంలో ఒక సాయంత్రం జగన్నాధం మోటారు సైకిలు తొమ్మిదో లైను చివర ఆగింది. ఆయన రాజాం దగ్గర పన్నెండెకరాల రైతు. పదిహేనేళ్ళుగా ఆయన పొలం ఊడ్చేది బుల్లమ్మ ముఠాయే. బండి దిగకుండానే గొంతెత్తాడు.

"ఏటి బుల్లమ్మా, పాపిడి తియ్యడం మానీసినావేటి?"

బుల్లమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "ఎవులికి పాపిడి? నువ్వు పెళ్ళికొడుకువవుతన్నావేటి బావా?"

"నా మడికి! నాలుగెకరాలు ఊడ్సినారు. ఈ సివర్నుంచి ఆ సివరకి సూసినాను. పాపిడి నేదు."

బుల్లమ్మ చేట కింద పెట్టింది. "నీ మడిలో మేం దిగితే కదా! నీ ఫోను కోసమే సూస్తన్నాం."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. జగన్నాధం ఫోను కాలవలో పడి నంబర్లన్నీ పోయాయి. రాజాంలో ఎరువుల కొట్టులో "కాలనీలో నడివీధి ముఠా నంబరుందా?" అని అడిగాడు. ఇచ్చారు. ఫోన్ చేసి "నడివీధేనా?" అంటే "నడివీధే" అన్నారు. "రేపు దిగిపోండి" అన్నాడు. తెల్లారే ఆయన వేరే పని మీద విజయనగరం వెళ్ళి నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి నాలుగెకరాలూ అయిపోయాయి.

బుల్లమ్మకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. చెంగు దులుపుకుని తిన్నగా ఐదో లైనుకు నడిచింది. అక్కడ ఎర్రన్నపేట ముఠా పెద్ద రాణి ఉంటుంది. నలభై ఏళ్ళ మనిషి, మాటకు మాట అందిస్తుంది. వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది.

"ఒసే రాణీ! నా రైతు మడిలో దిగినావట?"

"ఎవులో రైతు ఫోన్ సేసినాడప్పా. నడివీధేనా అన్నాడు. కాదని సెప్పమంటావా? నాది నడివీధి కాదేటి?"

"నీది ఎర్రన్నపేట నడివీధి."

"ఆయన ఊరడిగితే ఊరు సెప్పుదును. వీధడిగినాడు, వీధి సెప్పినాను." రాణి బిందె మార్చింది. "మా అత్తా ఆ వీధిలోనే కాపురం సేసింది, నానూ ఆ వీధిలోనే సేసినాను. నీ నడివీధి బంగారం, మా నడివీధి ఇత్తడీనా?"

 రాణి అబద్ధమేమీ ఆడలేదు. ఎర్రన్నపేటలోనూ రెండు వీధుల మధ్య ఒక వీధి ఉంది. ఆ మాటకొస్తే బుల్లమ్మ వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఉంది. ఊళ్ళు వేరైనన్నాళ్ళూ ఎవరి నడివీధి వాళ్ళదే. ఇప్పుడు రెండూ ఒక కాలనీలో పడ్డాయి. బయటివాళ్ళకు కాలనీ ఒకటే, నడివీధీ ఒకటే. బుల్లమ్మకు ఇరవై ఏడేళ్ళ పేరు అది. రైతులు ఆమెను బుల్లమ్మ అని కాదు, నడివీధి అని ఫోనుల్లో రాసుకున్నారు. ఆ పేరు జారిపోతే ఊడుపుల నెలలో పదకొండు ఇళ్ళవాళ్ళు ఫోను మోగడం కోసం చూస్తూ కూర్చోవాలి.

"సరే, మిగిలిన ఎనిమిదెకరాలూ మావి. అందులో దిగితే మాత్రం కాలు మడిలోనే ఉండిపోతాది," అని వచ్చేసింది. కానీ ఇది ఒక్క జగన్నాధంతో పోయేది కాదని ఆమెకు తెలుసు.

ఆ మూడో రోజునే పంచాయతీ కార్యదర్శి పృథ్వీరాజ్ కాలనీకి వచ్చాడు. విజయనగరం కుర్రాడు, కొత్తగా చేరాడు, ఎవరితోనూ "గారు" అనకుండా మాట్లాడడు. రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. తొమ్మిది లైన్లకూ తొమ్మిది పేర్లు కావాలి. ఆ పేర్ల మీద ఇంటి నంబర్లు వస్తాయి. జనం అంతకుముందే రాసిచ్చిన పేర్లను బట్టి రాజాంలో నీలం రంగు రేకు బోర్డులు కూడా చేయించాడు. తీరా కంప్యూటరులో ఎక్కించబోతే ఒకే పేరు రెండుసార్లు ఒప్పుకోలేదు. కొత్త వీధులు రెండొచ్చాయి, రామమందిరం వీధులు రెండు, నడివీధులు రెండు.

రామమందిరం సంగతి నిమిషంలో తేలింది. కాలనీలో ఉన్నది ఒకటే మందిరం, అది ఉన్న లైనుకే ఆ పేరు. కొత్త వీధివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వేశారు. కాలనీ అంతా కొత్తదే, ఇంకా కొత్త వీధేమిటని రెండు జట్లూ వదులుకున్నాయి. మిగిలింది నడివీధి.

"మాదే," అంది బుల్లమ్మ.

"మాదే," అంది రాణి.

"పోనీ నడివీధి ఒకటి, నడివీధి రెండు అని రాసుకుందామా అమ్మా?"

"రాసుకో బాబూ. రెండెవులు?" అంది బుల్లమ్మ.

పృథ్వీరాజ్ గొంతు సవరించుకున్నాడు. "మల్లె వీధి, గులాబీ వీధి అని పెట్టుకుంటున్నారండీ చాలాచోట్ల. వినడానికి బాగుంటాయి."

"మల్లెలెక్కడున్నాయి నాయనా ఇక్కడ? తుమ్మకంపలున్నాయి. తుమ్మకంప వీధని పెడతావేటి?" అన్నాడు ఎగువ వీధి అప్పలసూరి. షెడ్డంతా గొల్లుమంది.

"అయితే చీటీలు వేసి లాటరీ..."

ఆ మాట పూర్తి కాలేదు. రెండు ఊళ్ళవాళ్ళూ మొదటిసారి ఒక్కటై లేచారు. లాటరీ అన్న మాట ఆ కాలనీలో అనకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు పాపం. గోల సద్దుమణిగాక అతను నీళ్ళు తాగి, పుస్తకం తెరిచి, చివరి దారి చెప్పాడు.

"సరేనండీ. బోర్డు ఎక్కడో ఒక స్తంభానికి కొట్టాలి కదా. మీ నడివీధి ఏదో నాకు చూపించండి. ఎవరిది ఒకచోట కనిపిస్తే అక్కడ కొడతాను."

అందరికీ అర్థమైంది. నీలం బోర్డు ఏ స్తంభానికి ఎక్కితే ఆ నడివీధే నిజం. పక్క ఊరి రైతు బండి మీద వచ్చినా బోర్డు చూసే గుమ్మం తడతాడు.

"సూపిస్తాను," అంది బుల్లమ్మ ఏమాత్రం తడుముకోకుండా. రోడ్డు మీదికి వచ్చి గొంతెత్తింది. "తాయారూ!"

తాయారు వచ్చి సిమెంటు రోడ్డు మీద నిలబడింది. బుల్లమ్మ రెండో పేరు పిలిచింది, మూడో పేరు పిలిచింది. ఎక్కడెక్కడినుంచో ఒక్కొక్కరే వచ్చి పక్కపక్కన చేరారు. పదకొండో చోట తను నిలబడింది. కాళ్ళ కింద బురద లేదు, చేతుల్లో నారు కట్టలు లేవు. అయినా ఎవరికీ చోటు చెప్పాల్సిన పని పడలేదు.

"ఇదీ మా నడివీధి. రాసుకో బాబూ."

పృథ్వీరాజ్ తూర్పు కొస నుంచి రాసుకుంటూ వచ్చాడు. నాలుగో మనిషి దగ్గర ఆగాడు. "ఇక్కడ ఖాళీ ఉందేంటండీ? ఎవరైనా రావాలా?"

పదకొండు మందీ తిరిగి చూసుకున్నారు. నాలుగో ఆమెకూ ఐదో ఆమెకూ మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం. అంతవరకూ వాళ్ళెవరూ గమనించనే లేదు.

"అది సందు బాబూ," అంది తాయారు. "గెడ్డకెల్లీది."

అతను నవ్వలేదు. పుస్తకంలో అక్కడ ఒక గీత గీశాడు. తర్వాత ఒక్కొక్కరినీ ఇప్పటి ఇంటి లైను అడిగాడు. ఒకటి. ఏడు. రెండు. ఏడు. మూడు. తొమ్మిది. అలా పదకొండూ అయ్యాక పెన్ను మూసి మెల్లగా అన్నాడు.

"వీధి అయితే కనిపించిందండీ బుల్లమ్మగారూ. మరి బోర్డు ఏ స్తంభానికి కొట్టమంటారు?"

బుల్లమ్మ వేళ్ళ మీద లైన్లు లెక్కపెట్టుకుంది.  

రాణి తన వాళ్ళను పిలవలేదు. పిలవాల్సిన పని లేదు. ఎర్రన్నపేటవాళ్ళకు చీటీలు ఆఖర్న తీయడంతో మిగిలిన ఇళ్ళు చాలావరకు పక్కపక్కన వచ్చాయి. ఆమె ముఠా తొమ్మిది మందిలో ఏడుగురు ఐదో లైనులోనే ఉన్నారు. బుల్లమ్మ తలెత్తి రోడ్డు పొడవునా చూసింది. ఐదో లైనుకు ఇటు నాలుగు లైన్లు. అటు నాలుగు లైన్లు.

అప్పుడామెకు అత్త గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు నారుమడిలో ఆకు తీస్తూ, "మన వీధికి నడివీధని ఎవులు పేరెట్టినారత్తా?" అని అడిగింది. అత్త నవ్వింది. "మనకేటి పని? ఎగువోల్లు, దిగువోల్లు పెట్టినారు. మన వీధిలోంచి నడిసెల్లీవోల్లకి కావాల పేరు. ఇంట్లో ఉన్నోల్లకి దేనికే?" అంది. అప్పుడది ఎగతాళి అనుకుంది బుల్లమ్మ. ఈ జిల్లాలో ఇన్ని నడివీధులూ ఇన్ని కొత్తవలసలూ ఎందుకున్నాయో ఇన్నాళ్ళకు తెలిసినట్టయింది. పేరు పెట్టేవాడు ఎప్పుడూ దారిన పోయేవాడే. వాడికి కనిపించేది ఏ ఊళ్ళోనైనా ఒక్కటే.

"బాబూ, ఆ బోర్డు ఐదో లైనులో కొట్టీయండి," అంది.

ముఠా ఒక్కసారిగా కయ్యిమంది. "ఏటప్పా, మతి పోయిందా?" అని తాయారు చెయ్యి పట్టుకుని లాగింది. ధనలక్ష్మి అయితే నేల మీద కూలబడిపోయింది.

"ఉండండే! అటు నాలుగు, ఇటు నాలుగు. రేపు కొత్తోడొచ్చి సూసినా దాన్నే నడివీధంటాడు. మనం వద్దంటే మానుతాడేటి?" అని కసిరి, కార్యదర్శి వైపు తిరిగింది. "నడివీధి బోర్డులు రెండు సేయించినానన్నారు కదా. రెండోదేది?"

"బండిలో ఉందండీ. ఇంక అది పనికిరాదు, తిరిగి ఇచ్చేస్తాను."

"ఇలగియ్యండి."

బోర్డు చేతికి వచ్చాక దాన్ని చెంగుతో తుడిచి గిరిబాబుకు అందించింది. "ఒరే, దీన్ని నీ ఆటో ఎనకాల కొట్టీ. పైన పైడయ్యవలస అని రాయించు. పెద్ద అచ్చరాలు."

"ఆటోకి వీధి బోర్డేటి అత్తా!"

"ఈ పదకొండు ఇళ్ళూ ఒకదాని పక్కనొకటి ఉండీది దీన్లోనే కదరా! స్తంభమేదని అడిగినారు కదా బాబూ, ఇదిగో."

పృథ్వీరాజ్ తల గోక్కున్నాడు. ఆటోకు వీధి బోర్డు కొట్టవచ్చో లేదో అతని పుస్తకంలో ఎక్కడా లేదు. కూడదని కూడా లేదు. "మీ ఇష్టమండీ," అన్నాడు.

బుల్లమ్మ రాణి దగ్గరకు వెళ్ళింది. "బోర్డు నీకిచ్చినాను. ముఠా పేరు నాది. ఎవులు ఫోన్ సేసి నడివీధేనా అన్నా, పైడయ్యవలసోల్లా, ఎర్రన్నపేటోల్లా అని నువ్వు అడగాలి. నానూ అడుగుతాను."

 ఇంత తేలిగ్గా గెలుస్తానని రాణి అనుకోలేదు. గెలిచిందో లేదో కూడా ఆమెకు పూర్తిగా తెలియలేదు. "అడుగుతానప్పా. అయినా నా ముఠాకి నా పేరు సాలదేటి? రాణి ముఠా! ఇంటే రైతులు పరిగెత్తుకు రావాల," అంది.

"వస్తారు వస్తారు. ముందు మొక్క లోతుగా గుచ్చడం మానీ. జగన్నాధం బావ మడి సూసినాను, సగం పీకల్దాకా దింపీసినావు," అని ఒకటి అంటించి కదిలింది బుల్లమ్మ.

"మరి మీ తొమ్మిదో లైనుకు ఏం పేరు రాయనండీ?" వెనక నుంచి కార్యదర్శి అడిగాడు.

"మేం పెట్టుకోం బాబూ. అటేపు నడిసీవోల్లు పెడతారు. నాలుగు రోజులాగి రండి."

నాలుగు రోజుల తర్వాత జగన్నాధం మిగిలిన ఎనిమిదెకరాల్లో ఊడుపు. తెల్లవారుతుండగా గిరిబాబు ఎప్పటిలాగే మొదటి లైనుకూ ఏడో లైనుకూ రెండో లైనుకూ తిరిగాడు. సణగలేదు. వెనక నీలం బోర్డు, దాని పైన పసుపు రంగులో తనే రాసుకున్న పైడయ్యవలస. అక్షరాలు కాస్త వంకర పోయాయి కానీ పది గజాల దూరం నుంచి కనిపిస్తున్నాయి. దారిలో వెనక వచ్చే బళ్ళవాళ్ళు చదివి, ముందుకొచ్చి లోపలికి తొంగి చూసి పోతున్నారు. ఒకాయన పక్కగా వచ్చి "పైడయ్యవలస ఎక్కడమ్మా?" అని అడిగాడు. "ఇదే!" అని ఆటో అంతా ఒక్కసారి అరిచింది.

ఐదో చోట కూర్చునే ఆమె మోకాలి నొప్పితో ఈ ఏడు ఇంక రానంది. ఆమె బదులు కొత్తకోడలు పద్మకుమారి ఎక్కింది. పెళ్ళయి ఆరు నెలలు, కాపురం కాలనీలోనే మొదలైంది. పాత ఊరు ఎలా ఉండేదో తెలియదు. ఆటోలో తన అన్నతో ఫోనులో మాట్లాడుతోంది. "ఆదివారం వస్తావు కదన్నయ్యా? బుల్లమ్మత్త అడిగిన పల్లీల మూట ఆయమ్మింటికాడే ఇచ్చీ. ఎవుల్నడిగినా సెప్తారు. బోర్డున్న ఆటో ఉంటాది సూడు, ఆటో వీధి. తొమ్మిదో లైనంటే ఎవులికీ తెల్దు."

బుల్లమ్మ తాయారును మోచేత్తో పొడిచింది. "ఇన్నావా? పడిపోయింది పేరు. బాబొస్తే రాయించీడమే."

"రాజాంలో ఆటో వీధులు రెండున్నాయప్పా."

"ఇది మూడోది. మనకేటి?"

జగన్నాధం గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆటో వెనక్కి వెళ్ళి బోర్డు చదివాడు, మళ్ళీ ముందుకు వచ్చాడు. "ఈసారి కాలవలో ఫోను పడినా పరవాలేదు బుల్లమ్మా. ఆటో కాలవలో పడకుండా సూసుకో," అన్నాడు.

"ఆటో పడ్డా మేం ఈదుకొస్తాం బావా. నువ్వు గంజి వేడిగా తెప్పించు."

మడిలోకి దిగారు. తాయారు గట్టు వారన నిలబడింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే పక్కన చేరారు. నీళ్ళు పాదాల మీద చల్లగా ఉన్నాయి. వంగారు. పద్మకుమారి చురుకైన పిల్ల. రెండు బారలు వెనక్కి నడిచాక తన కుడిపక్క మొక్కలున్నట్టు ఎడంపక్క లేవని చూసుకుంది. చెయ్యి చాపి ఆ ఖాళీలో గబగబా రెండు మొక్కలు గుచ్చింది.

"ఒసే పద్దూ!" పదకొండో మునుం నుంచి బుల్లమ్మ కేక వినిపించింది. నడుం ఎత్తకుండానే ఎలా చూసిందో. "అక్కడ ఊడ్సకు. అది సందు."

పద్మకుమారి చేతిలో మొక్కతోనే నడుం ఎత్తింది. బురద నీళ్ళ వైపు చూసింది. పక్కనున్న నాలుగో ఆమెను చూసింది. ఆమె నవ్వుతోంది.

"ఎటెల్తాది అత్తా, ఈ సందు?"

"గెడ్డకి. సివర్న రెండు బండరాల్లుంటాయి, ఎడంపక్కది జారుతాది. కానీ, కానీ, ఎనకబడిపోతన్నావు."

పద్మకుమారి తను నాటిన రెండు మొక్కలూ మెల్లగా పీకింది. ఒక అడుగు కుడివైపు జరిగి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.